కరీం సాబ్ అంచు తొక్కిన పొద్దు

కుందుర్పి నుంచి కళ్యాణదుర్గం పోయే రోడ్డు మా పల్లె పక్కన మలుపు తిరుగుతుంది. ఆ మలుపు దాకా తారు వేయించినవాణ్ణి నేను, ఎర్రిస్వామిని. వరుసగా మూడు తడవలు పంచాయతీ ప్రెసిడెంటుగా గెలిచినాను. బడికి పైకప్పు వేయించినాను. ఊరి బావికి గిలక పెట్టించినాను. కరువు వచ్చినప్పుడు కలెక్టరాఫీసు ముందర కూర్చుని ఊరికి పనులు తెచ్చినాను. చదివింది మాత్రం మా ఊరి బడిలో అయిదో తరగతి. ఆ చదువుతోనే అనంతపురం జిల్లా కోర్టులో బోనెక్కి సాక్ష్యం చెప్పినాను, ఒక్క మాట తడబడలేదు. ఇదంతా ఎందుకు చెప్తాన్నానంటే, ఇక్కడ రాసేది ఎవరో చెప్పగా విన్నది కాదు. నేను దగ్గరుండి నడిపించిన వ్యవహారం.

అయినా కథ నాది కాదు. మా కరీం సాబ్‌ది.

కరీం సాబ్ వాళ్ళు దూదేకులవాళ్ళు. వాళ్ళ నాయన పరుపులకూ బొంతలకూ దూది ఏకుతూ ఊరూరా తిరిగేవాడు. కొడుక్కు ఆ పని పడలేదు. దూది దగ్గర కూర్చుంటే తుమ్ములు మొదలయ్యేవి, నిలిచేవి కావు. "వీనికి ముక్కు ఎక్కువ, ఓర్పు తక్కువ" అని వాళ్ళ నాయనే బళ్ళారికి తీసుకుపోయి ఒక లారీ షెడ్డులో వదిలేసి వచ్చినాడు. ఆడ లారీలు కడిగినాడు, చక్రాలు ఊడదీసినాడు, కడకు స్టీరింగు పట్టినాడు. ఊరికి తిరిగొచ్చేటప్పటికి జేబులో లైసెన్సు ఉండేది. దాన్ని మైనపుగుడ్డలో చుట్టి, గుండెకాడి జేబులో పెట్టుకొని తిరిగేవాడు.

తరువాత సొంత లారీ కొన్నాడు. మిలటరీవాళ్ళు అమ్మేసిన పాత బండి. అతని దుడ్లు చాలక, పెండ్లాము రంజాన్ బీ మెడలో ఉండేదంతా తీసిచ్చింది. ఆమె నోరు ఊరికే ఉండేది కాదు. లారీ ఇంటి ముందర నిలబడితే చాలు, "అదిగో నా గుండ్ల పేరు వచ్చింది, ఆరు చక్రాలతో" అనేది. కరీం సాబ్ తలకాయ వంచుకొని లోపలికి పోయేవాడు.

చుట్టుపక్కల పల్లెల్లో సొంత లారీ అతనిదే మొదటిది. సెనక్కాయ మూటలు, ఉలవలు, చింతపండు, పెండ్లిండ్లకు షామియానాలు, అన్నీ అతని బండి మీదనే పోయేవి. డ్రైవరుగా అతనికి ఒక గర్వం ఉండేది. టీ అంగట్లో ఎవరైనా కొత్తవాళ్ళు కూర్చుంటే చాలు, మైనపుగుడ్డ విప్పేవాడు.

"చూడప్పా. ఇన్నేండ్లు నడిపినా. ఒక్క మరక ఉండాదేమో చూడు. కోడిని కూడా తొక్కలేదు నేను."

"కోళ్ళు నీ హారను వినే చచ్చిపోతాండాయి సాబూ, ఇంక నువ్వు తొక్కేదేముండాది" అని మా ఊరి రైతు తిప్పన్న ఎగతాళి పట్టేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, కరీం సాబ్ తప్ప. లైసెన్సు సంగతి అతనికి నవ్వులాట కాదు.

ఇప్పుడు మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. తారు రోడ్డు రాకముందు మేము ఉలవలూ కొర్రలూ మట్టి కళ్ళంలో వేసి, ఎద్దులకు రాతి గుండు కట్టి తిప్పేవాళ్ళం. గింజలో సగం మన్ను. రోడ్డు వచ్చినాక, మాకు నున్నటి కళ్ళం వచ్చినట్లయింది. ఎండిన ఉలవ కట్టెను మలుపు కాడ రోడ్డు మీద పరిచేది. బస్సులు, లారీలు దాని మీద పోతాయి. కాయ పగులుతుంది, గింజ రాలుతుంది. మధ్యాన్నానికి ఊడ్చి, తూర్పారబట్టుకొని ఇంటికి మోసుకుపోయేది. ఎద్దుల పని లేదు, కూలి లేదు. రోడ్డు శాఖవాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి తిట్టేవాళ్ళు గాని, వాళ్ళకూ ఒక సేరు ఉలవలు చేటలో పోస్తే మెల్లగా పోయేవాళ్ళు.

డ్రైవర్లందరికీ ఈ సంగతి తెలుసు. బస్సువాళ్ళు విసుక్కుంటా పోయేవాళ్ళు. కరీం సాబ్ అట్ల కాదు. మలుపు కాడికి రాగానే హారను కొట్టి, లారీని మెల్లగా నడిపేవాడు. నిండు మూటల లారీ అయితే మాకు పండగే, బరువుకు కాయలన్నీ ఒక్క తడవకే పగిలిపోయేవి. ఒక్క చిక్కు ఉండేది. బండ్లన్నీ రోడ్డు నడిమినే పోతాయి గనక, అంచుల్లో పరిచిన కట్టె నలగదు. అందుకని మావాళ్ళు చేయెత్తి అడిగేవాళ్ళు: "అన్నా, అంచు తొక్కన్నా!" కరీం సాబ్ నవ్వుకుంటా లారీని పక్కకు దింపి, ఒక అంచు, మళ్ళీ వెనక్కి వచ్చి రెండో అంచు తొక్కించేవాడు. బాడుగ ఏమీ లేదు. పని అయినాక ఒక చెంబు మజ్జిగ ఇస్తే, నిలబడి తాగి, చెంబు బోర్లించి ఇచ్చి పోయేవాడు. మా మధ్యన నడిచిన మర్యాద అది.

అరవై రెండో సంవత్సరం, ఉలవ కోతలైన దినాలు. ఆ పొద్దు కళ్ళం తిప్పన్నది. కూలికి వచ్చింది నల్లమ్మ. ఈమె మొగుడు బొంబాయికి కూలికి పోయి తిరిగి రాలేదు. కండ్లు కనిపించని అత్తను సాకుకుంటా, దొరికిన కూలికల్లా పోయేది. చేట పట్టినదంటే చెరగడంలో ఆమెను మించినవాళ్ళు మా ఊర్లో లేరు. ఆ పొద్దు ఆమె రోడ్డు అంచున, తారు ముగిసి మన్ను మొదలయ్యే కాడ, ఉలవ కుప్ప చాటున కూర్చొని చెరుగుతాండేది. వీపు రోడ్డువైపు.

కరీం సాబ్ కళ్యాణదుర్గం మిల్లుకు సెనక్కాయ మూటలు వేసుకొని వచ్చినాడు. నడిమిన ఒక తడవ తొక్కినాడు. తిప్పన్న చేయెత్తినాడు, అంచు తొక్కమని. లారీ వెనక్కి తీసి, అంచుకు దింపి ముందుకు పోనిచ్చినాడు. ఉలవ కట్టె ఎండితే నూనె పోసినట్లు జారుతుంది. చక్రం జారింది. కుప్ప ఎగిరిపోయింది. కుప్ప వెనక నల్లమ్మ కుడికాలు చక్రం కింద పడింది. ఆ ఊపుకు లారీ పోయి రోడ్డు పక్కనున్న రాయికి తగులుకొని నిలబడింది.

అరుపు విని నేను పొలం నుంచి పరుగెత్తినాను. కరీం సాబ్ అప్పటికే ఆమెను ఎత్తి లారీలో పండుకోబెట్టి, తలగుడ్డతో కాలు బిగించి కట్టినాడు. నేను పక్కన కూర్చుంటే, అదే లారీలో అనంతపురం పెద్దాసుపత్రికి పోయినాం. మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. లేకుంటే మనిషి దక్కదన్నారు.

ఈలోపల ఊర్లో ఒక పని జరిగింది. తిప్పన్నా, తక్కిన రైతులూ కలిసి, పోలీసులు వచ్చేలోపల రోడ్డంతా ఊడ్చి పారేసినారు. గింజ, కట్టె, పొట్టు ఏమీ మిగల్లేదు. చక్రాల జాడలు కూడా చెరిగిపోయినాయి. వాళ్ళు చెడ్డ ఎత్తుతో చేసింది కాదు. రోడ్డు మీద కళ్ళం వేసినారని తెలిస్తే ఊరందరి మీదా కేసు అవుతుందని భయం. పోలీసులు వచ్చి చూస్తే ఏముంది? ఖాళీ రోడ్డు, రాయి కాడ బంపరు నుంచి ఊడిపడిన ఇనుపముక్క. అదే రాసుకొని పోయినారు.

నల్లమ్మ ఊరికి తిరిగొచ్చినాక పంచాయితీ కూర్చున్నాం. కరీం సాబ్ అందరి ముందర లేచి నిలబడినాడు.

"నా లారీ తిరిగినన్ని దినాలు నల్లమ్మకూ వాళ్ళ అత్తకూ కొర్రలు, ఉలవలు నేను వేస్తా. ఇది నా మాట."

ఊరంతా తల ఊపింది. మంచం మీద కూర్చున్న నల్లమ్మ మాత్రం ఊపలేదు.

"ఏటేటా నీ వాకిట్లోకి వచ్చి చేట పట్టుకొని నిలబడమంటావా సాబూ? మొన్నటిదాకా చేట పట్టి నలుగురి గింజలు చెరిగినదాన్ని. ఇప్పుడు అదే చేటతో అడుక్కోమంటావా? నీ లారీ చెడిపోతే నా కూడు కూడా చెడిపోవాల్నా? నాకు రావాల్సింది ఏదన్నా ఉంటే అది రానీ. లేకుంటే లేదు."

నల్లమ్మ అడిగిన మాట నాకు పట్టుకుంది. రావాల్సింది ఏదన్నా ఉందా? అది తెలుసుకోవడానికి నేను అనంతపురం పోయి లక్ష్మన్న వకీలును పట్టుకున్నాను. ఆయన మొదట అడిగింది ఒకటే.

"లారీకి ఇన్సూరెన్సు ఉందా?"

"ఉండాది సామీ. లేకుంటే రోడ్డెక్కనియ్యరంట కదా. కానీ అది పనికిమాలిందంట. బంపరు వంగిందని కరీం సాబ్ రాస్తే, పైసా ఇయ్యమని జవాబు రాసినారు."

వకీలు నవ్వినాడు. "బంపరుకు ఇవ్వరయ్యా. అతను కొన్నది చట్టం అడిగినంత మట్టుకే, అన్నింటికన్నా చవకది. అది లారీ కోసం కాదు, లారీ యజమాని కోసం కూడా కాదు. కాగితం మీద సంతకాలు ఇద్దరివి, కంపెనీది ఒకటి, కరీం సాబ్‌ది ఒకటి. నల్లమ్మకు ఆ కాగితం ఉందని కూడా తెలియదు. కానీ చట్టం ఆ కాగితం రాయించిందే నల్లమ్మ కోసం. రోడ్డు మీద పోయే మూడో మనిషికి లారీవల్ల దెబ్బ తగిలితే, లారీ యజమాని దగ్గర ఏమీ లేకపోయినా ఆ మనిషి నష్టపోకూడదని."

"అయితే కంపెనీని అడిగితే ఇచ్చేస్తారా?"

"ఊరికే ఇవ్వరు. కరీం సాబ్ కట్టాల్సింది ఏదైతే ఉందో, అది వాళ్ళు కడతారు. అతను కట్టాల్సిన పని లేదంటే వాళ్ళకూ లేదు. అంటే అతని తప్పు ఉందని తేలాలి. జిల్లా జడ్జి గారే ఇప్పుడు ఈ దావాలు వినే ట్రిబ్యునల్. మామూలు దావా మాదిరి పెద్ద ఫీజు కట్టాల్సిన పని లేదు. కానీ రెండు నెలల్లోపల అర్జీ పడాలి. మీ పంచాయితీలతో ఇప్పటికే సగానికి పైన పోగొట్టినారు."

ఆ వారంలోనే అర్జీ వేయించినాను. నల్లమ్మ వేలిముద్ర, ఆసుపత్రి కాగితాలు, పోలీసుల కాగితం, అన్నీ నేనే తిరిగి తెచ్చినాను. మా వైపు నుంచి అట్లాంటి అర్జీ వేయించిన మొదటి ప్రెసిడెంటును నేనే.

అర్జీలో ఎదురువాది కరీం సాబ్, అతని పక్కన కంపెనీ. నోటీసు అందినపొద్దు అతను మా ఇంటికి వచ్చినాడు. వాకిట్లోనే నిలబడిపోయినాడు.

"నామీదే కేసు పెట్టించినావా ఎర్రిసామీ? మన స్నేహం ఇదేనా?"

"కూర్చో సాబూ. నీ పేరు లేకుంటే కంపెనీని పిలవడానికి దారి లేదు. నీ తప్పు తేలితేనే వాళ్ళు కట్టేది. తేలకుంటే నల్లమ్మకు ఏమీ రాదు."

అతను కూర్చున్నాడు. గుండెకాడి జేబు మీద చేయి పెట్టుకున్నాడు.

"ఇన్నేండ్లు తప్పు చేయనోణ్ణని చెప్పుకొని తిరిగినా. ఇప్పుడు కోర్టులో నిలబడి, నేను తప్పు చేసినానని నేనే చెప్పాల్నా?"

"తప్పు చేసినావని చెప్పొద్దు. జరిగింది జరిగినట్లు చెప్పు. తప్పో కాదో వాళ్ళు తేలుస్తారు."

కంపెనీ ఊరుకోలేదు. వకీలును పెట్టింది. విచిత్రమేమంటే, కరీం సాబ్ తరపున కూడా ఆ వకీలే. కోర్టు ఆవరణలో కలిసి, టీ తాగించి, చాలా మర్యాదగా మాట్లాడినాడంట. కరీం సాబ్ తిరిగొచ్చి నాకు చెప్పినాడు.

"నన్ను అంతగా పొగిడినవాణ్ణి నా జన్మలో చూడలేదప్పా. నీ మాదిరి డ్రైవరు జిల్లాలో లేడు, నీ తప్పు ఆవగింజంత లేదు, నీ దారిన నువ్వు పోతాంటే ఆమె రోడ్డు మీద కూర్చుంది, అంతే కదా అని. రంజాన్ బీ కూడా నన్ను అట్ల ఎప్పుడూ అనలేదు."

"మరి నువ్వేమన్నావు?"

"టీ తాగినా."

నాకు లోపల దిగులు పట్టింది. అప్పుడు ఆడ ఉన్నవాళ్ళు ముగ్గురే. నల్లమ్మ వీపు తిప్పి కూర్చుంది, లారీ ఎట్ల వచ్చిందో ఆమెకు తెలియదు. తిప్పన్న కోర్టుకు రానని మొండికేసినాడు, కళ్ళం వేసింది తనని తేలుతుందని. మిగిలింది కరీం సాబ్ ఒక్కడే. అతను నా దారిన నేను పోతాంటినంటే, అది పూర్తిగా అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. లారీకి ఏమీ కాదు, లైసెన్సు మీద మరక పడదు. నల్లమ్మకు మాత్రం ఏమీ మిగలదు.

నిజం చెప్తే ఇంకొక గండం ఉందని లక్ష్మన్న వకీలే నాతో చెప్పినాడు. "లారీ అంచు తొక్కడానికి దిగిందని అతను చెప్తే, కంపెనీ మాట మారుస్తుంది. మేము రాసిచ్చింది సరుకులు మోసే లారీకి గాని, పంట నూర్చే యంత్రానికి కాదంటారు. పర్మిటులో లేని పనికి వాడినారని తేలితే వాళ్ళు తప్పించుకోవచ్చు. అప్పుడు భారమంతా అతని మీద పడుతుంది. లారీ పోతుంది."

ఈ మాట నేను దాచలేదు. కరీం సాబ్‌కు ఇంటికి పోయి చెప్పినాను. రంజాన్ బీ రొట్టెలు తడతాండేది. విన్నది, రొట్టె తిప్పి వేసింది. నేను లేచి వచ్చేటప్పుడు మాత్రం, ఎవరివైపూ చూడకుండా, "గుండ్ల పేరు పోతే మెడ పోదులే" అన్నది.

విచారణ దినం వచ్చింది. ముందు నన్ను పిలిచినారు. రోడ్డు ఎంత వెడల్పు, తారు యాడ ముగుస్తుంది, నల్లమ్మ రక్తం యాడ పడింది, అన్నీ చెప్పినాను. రోడ్డు మీద కళ్ళం వేసే పద్ధతి గురించి కూడా దాచకుండా చెప్పినాను. ఆ రోడ్డు నీ సొంతమా అని కంపెనీ వకీలు ఎత్తిపొడిచినాడు. "సొంతం కాదు సామీ, వేయించినవాణ్ణి" అన్నాను. జడ్జి గారు తల వంచుకొని రాసుకున్నారు, పెదవి మీద నవ్వు ఉందనే నేను చెప్తాను.

తరువాత కరీం సాబ్. తెల్లటి తలగుడ్డ కట్టుకొని బోనులో నిలబడినాడు. నల్లమ్మ కర్ర పట్టుకొని బెంచీ మీద కూర్చొని ఉండేది. కంపెనీ వకీలు ప్రశ్నలు చాలా తేలిగ్గా మొదలుపెట్టినాడు. లైసెన్సు చూపించినాడు, ఒక్క మరక లేదని చదివించినాడు. ఆపైన అడిగినాడు.

"ఆరోజు నువ్వు సరుకు వేసుకొని నీ దారిన రోడ్డు మీద పోతున్నావు. ఆమె రోడ్డు మీద కూర్చొని ఉంది. అంతే కదా?"

కరీం సాబ్ నల్లమ్మ వైపు చూసినాడు. ఆమె అతని వైపు చూడలేదు, కర్ర చివర నేల మీద గీస్తాండేది.

"అంతే కాదు సామీ."

వకీలు చేతిలో కాగితం కిందికి దిగింది. "అడిగినదానికి అవును, కాదు అని చెప్పు."

"కాదు. నా దారి రోడ్డు నడిమిన. నేను నడిమిన పోలేదు. అంచు తొక్కమన్నారు, తొక్కినా. కుప్ప వెనక మనుషులుంటారని నాకు తెలుసు, ఎప్పుడూ ఉంటారు. దిగి చూసి ఉండాల్సింది. ఎండిన ఉలవ కట్టె జారుతుందని కూడా తెలుసు. మెల్లగానే పోతినా అంటే, మెల్లగానే పోతి. కానీ చూడకుండా పోతి."

కంపెనీ వకీలు జడ్జి గారి అనుమతి తీసుకొని, ఇంకొక రకంగా మొదలుపెట్టినాడు. పొగడ్త పోయింది.

"అంటే లారీని నూర్పిడికి వాడినావు."

"అంచు తొక్కించినా సామీ."

"రెండూ ఒకటే. బాడుగ ఎంత తీసుకున్నావు?"

"బాడుగ లేదు."

"ఇంత డీజిలు కాల్చి ఊరికే ఎవరు చేస్తారయ్యా? ఏమీ ఇవ్వరా?"

"మజ్జిగ ఇస్తారు."

వెనక బెంచీల్లో నవ్వు లేచింది. బిళ్ళబంట్రోతు ఊరుకోమని కేకేసినాడు. వకీలు మాత్రం నవ్వలేదు. జడ్జి గారి వైపు తిరిగి, మజ్జిగ కూడా ప్రతిఫలమే, లారీని బాడుగకు నూర్పిడికి తిప్పినట్లే, పర్మిటులో ఆ పని లేదు గనక కంపెనీకి బాధ్యత లేదు అని గట్టిగా చెప్పినాడు. నాకు రంజాన్ బీ మెడ గుర్తుకొచ్చింది.

జడ్జి గారు కలం కింద పెట్టినారు. కరీం సాబ్‌నే నేరుగా అడిగినారు.

"ఆరోజు ఆ మజ్జిగ తాగినావా?"

"లేదు సామీ. చెంబు గట్టు మీద పెట్టినారు. తాగేలోపలే ఆమె అరిచింది. తరువాత నేను ఆ చెంబు వైపు చూడలేదు."

"లారీలో ఏముంది?"

"సెనక్కాయ మూటలు. కళ్యాణదుర్గం మిల్లుకు. పర్మిటు ఇదిగో."

జడ్జి గారు పర్మిటు తీసుకొని తిరగేసి చూసినారు. మా లక్ష్మన్న వకీలు లేచి, ఒక్క సంగతి మాత్రం మనవి చేసినాడు. కంపెనీకీ యజమానికీ మధ్యన వంద షరతులు ఉండొచ్చు, వాటిలో చట్టం లెక్కపెట్టి చెప్పిన కొన్నింటిని తప్ప మూడో మనిషి మీద ప్రయోగించడానికి లేదు, ఈ కాలు పోయిన మనిషి ఆ షరతులు వినలేదు, చదవలేదు, ఒప్పుకోలేదు అని. అంతే చెప్పి కూర్చున్నాడు.

తీర్పు వెంటనే రాలేదు. ఆ మధ్య కాలంలో కరీం సాబ్ లారీ నడిపినాడు గాని, మా మలుపు కాడ హారను కొట్టడం మానేసినాడు. రోడ్డు మీద ఎవరూ కళ్ళం వేయలేదు కూడా. తిప్పన్న అతనికి ఎదురుపడితే పక్క సందులో దూరేవాడు. నేను పిలిచి గట్టిగా తిట్టినాను. "నీ ఉలవల కోసం అతను లారీ పణం పెట్టినాడు, నీకు మాట కూడా బరువైందా?" అన్నాను. మరుసటి పొద్దు తిప్పన్న కరీం సాబ్ ఇంటికి పోయి, వాకిట్లో చెప్పులు విడిచి కూర్చున్నాడంట. ఏమి మాట్లాడుకున్నారో నాకు తెలియదు.

తీర్పు దినం నేనూ, కరీం సాబూ, నల్లమ్మా ఒకే బస్సులో పోయినాం. కోర్టులో ఇంగ్లీషులో చదివినారు. లక్ష్మన్న వకీలు బయటికి వచ్చి వేపచెట్టు కింద మాకు తెలుగులో చెప్పినాడు.

లారీ పర్మిటు ప్రకారం సరుకు మోసుకొని, పోవాల్సిన దారిలోనే పోతాండేది. దారిలో నాలుగు గజాలు పక్కకు జరిగినంత మాత్రాన దాని పని మారిపోదు. పల్లెలో మర్యాదకు ఇచ్చే మజ్జిగ బాడుగ కాదు. డ్రైవరు దిగి చూసి ఉండాల్సింది, చూడలేదు, గనక తప్పు ఉంది. తప్పు ఉంది గనక కంపెనీ కట్టాలి. నల్లమ్మ కూడా బండ్లు తిరిగే చోట వీపు తిప్పి కూర్చుంది గనక, దానికి కొంత తగ్గించినారు. మిగతాది కంపెనీ కోర్టులో కట్టాలి, నల్లమ్మ పేరున పోస్టాఫీసులో వేయాలి, ఎవరూ ముట్టకూడదు. కరీం సాబ్ దగ్గర వసూలు చేసుకునే హక్కు కంపెనీకి లేదు.

"అంటే?" అన్నాడు కరీం సాబ్.

"అంటే నీ లారీ నీదే" అన్నాను.

అతను అక్కడే మట్టిలో కూర్చుండిపోయినాడు. నల్లమ్మ కర్ర మీద ఆనుకొని అతన్ని కిందికి చూసింది.

"లేయ్ సాబూ. కాలు పోయినదాన్ని నేను నిలబడుకొని ఉండా, నువ్వు కూర్చుంటివా?"

కళ్యాణదుర్గం మేజిస్ట్రేటు దగ్గర పోలీసు కేసు వేరేగా నడిచింది. ఆడ కూడా కరీం సాబ్ ఇదే చెప్పినాడు. జరిమానా వేసి, లైసెన్సు మీద ఒక వాక్యం రాసినారు. ఆ తరువాత కూడా అతను టీ అంగట్లో మైనపుగుడ్డ విప్పేవాడు. కోడి మాట మాత్రం మానేసినాడు. కొత్త డ్రైవర్లకు ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించేవాడు. "దిగి చూడు. హారను కొడితే చాలదు. దిగి చూడు." ఇప్పటికి మా వైపు లారీ నడిపేవాళ్ళలో సగంమంది అతని దగ్గర నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళలో ఒక్కడు కూడా మనిషిని తొక్కలేదు, ఇది నేను గట్టిగా చెప్పగలను.

నల్లమ్మ పాలిచ్చే ఎనుమును ఒకదాన్ని కొన్నది. మలుపు కాడ, రోడ్డుకు బాగా ఎడంగా, నాలుగు రేకులతో ఒక బంకు వేసుకున్నది. జాగా పంచాయతీ తరపున ఇప్పించింది నేనే. అత్తను పక్కన కూర్చోబెట్టుకొని, బొరుగులు, బీడీలు, మజ్జిగ అమ్మేది. లారీలన్నీ అక్కడ నిలబడేవి.

కళ్ళం కూడా మళ్ళీ వచ్చింది, రోడ్డు పక్కన. పంచాయతీ దుడ్లతో బండలు పరిపించినాను, అది నా మూడో తడవ ప్రెసిడెంటు కాలంలో. ఒక పొద్దు కరీం సాబ్ అక్కడ బండి నిలిపినాడు. లారీ చుట్టూ తిరిగి చూసినాడు, కుప్పల వెనక చూసినాడు, పిల్లోళ్ళను దూరం తరిమినాడు. తరువాత బండల మీదికి ఎక్కించి, తిప్పన్న ఉలవలన్నీ తొక్కించినాడు. తిప్పన్న అడగలేదు, అతనే తొక్కించినాడు.

దిగి బంకు కాడికి వచ్చినాడు. నల్లమ్మ అప్పటికే చెంబు నింపి పెట్టింది. "ఆ పొద్దు తాగకుండా పోతివి" అన్నది.

కరీం సాబ్ చెంబు అందుకోబోయినాడు. ఆమె చెంబు వెనక్కి లాక్కుంది.

"దుడ్లు పెట్టు ముందు. ఊరికే తాగితే బాడుగ అవుతాదని మళ్ళీ ఎవడన్నా కోర్టుకు ఈడుస్తాడు."

పక్కన కూర్చున్న నేను గట్టిగా నవ్వినాను. కరీం సాబ్ కూడా నవ్వినాడు, జేబులో వెతికి ఒక బిళ్ళ తీసి బంకు చెక్క మీద పెట్టినాడు. నల్లమ్మ అది చూసుకొని, చిల్లర తిరిగిచ్చి, అప్పుడు చెంబు అతని చేతికిచ్చింది. అతను నిలబడి మొత్తం తాగి, చెంబు బోర్లించి ఇచ్చినాడు.